పన్నెండో ఎక్కం బాణీ

బద్వేలు దగ్గరి బోర్డు స్కూలులో ఓబుళయ్య అయ్యవారు ఎక్కాలు చెప్పించడు, పాడిస్తాడు. మిషన్ స్కూలులో ట్రైనింగయిన రెండేళ్లలో చెవిన పడ్డ క్రైస్తవ కీర్తనల బాణీలే ఆయనకొచ్చిన సంగీతమంతా. సుద్దముక్కతో బల్ల మీద తాళం వేస్తూ, కళ్లు మూసుకుని, పిలక ఊగేలా తలాడిస్తాడు. ఆ యేడు క్రిస్మస్‌కు పాస్టరుగారు పిల్లలందరినీ చర్చికి పిలిచారు. హార్మోనియం మీద తమ ఎక్కం బాణీ వినబడగానే పిల్లలు ఒక్క గొంతుతో “పన్నెండు ఒకట్ల పన్నెండు” అని అందుకున్నారు. అయ్యవారు సిగ్గుతో స్తంభం చాటుకు తప్పుకున్నాడు.

“ఆపొద్దప్పా, శానా బాగుండాది!” అన్నారు పాస్టరుగారు, హార్మోనియం వాయించే అతనితో.

పన్నెండు ఏడ్ల దగ్గర పిల్లలు తడబడ్డారు. సిగ్గంతా మరిచి, స్తంభం వెనక నుంచి అయ్యవారి గొంతు రాగం తప్పకుండా లేచింది: “ఎనభై నాలుగు!”

చర్చి అంతా “ఆమెన్” అంది.