పాతఫోన్లక్క

ప్రతి వెబ్‌సైటునూ రకరకాల బ్రౌజర్లలో తెరిచి చూడటం ఆమె పని. బల్ల నిండా ఎవరెవరో మూలన పడేసిన ఫోన్లే కాబట్టి ఆఫీసులో అందరికీ పాతఫోన్లక్క. ఒక్కోదాన్నీ రుమాలుతో తుడిచి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని నొక్కుతుంది. ఆమె చూడకముందే జనంలోకి వదిలేసిన ఆసుపత్రి సైటులో, అపాయింట్‌మెంట్ బటన్ పాత బ్రౌజర్‌లో ఎంత నొక్కినా పనిచేయలేదు. వెళ్లి చెబితే ఆ సైటు చేసిన ప్రోగ్రామర్ తల కూడా ఎత్తలేదు.

"నా దాంట్లో బాగానే ఉందక్కా. ఆ డొక్కు ఫోన్లు ఇంకా ఎవరు వాడతారు? వదిలెయ్."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ ఆసుపత్రికే వెళ్లే, అలాంటి ఫోనే వాడే అత్తగారికి కాల్ చేసి, స్పీకర్ పెట్టి, అతని బల్లమీద ఉంచింది.

"మోకాళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికిందా అత్తయ్యా?"

"పొద్దున్నుంచీ నొక్కుతూనే ఉన్నానమ్మా. నాకే చేతకావట్లేదు. ఏమీ అనుకోకు."

ప్రోగ్రామర్ తలెత్తాడు.

"విన్నావా? తప్పు నీది. సిగ్గుపడేది ఆవిడ."