కాయిల్ మీద తడి గోనె

బానెట్ ఎత్తగానే నాకు కనిపించింది గోనెసంచి ముక్క. ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ చుట్టూ కొబ్బరితాడుతో కట్టి ఉంది. అప్పుడే తడిపినట్టున్నారు, నీళ్లు కారుతున్నాయి.

ముదినేపల్లి దగ్గర చేపల చెరువులున్న ఒకాయన కారు అది. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు, పడవంత ముక్కు ఉన్న పాత అమెరికా బండి. మద్రాసులో షూటింగులకు అద్దెకు తిప్పేవాళ్ల దగ్గర తండ్రి కొన్నాడట. తండ్రి పోయాక ఈయన అడిగి తీసుకున్నది అదొక్కటే. ఇప్పుడది అరగంట నడిచి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ నడుస్తుంది. బండి పెట్టిన షెడ్డు చేపల మేత బస్తాలకు కావాలని ఈయన అన్నగారి పట్టు. ఆదివారం తనను తాడేపల్లిగూడెం దాకా ఆగకుండా తీసుకెళ్తే బండి ఉంచుకోవచ్చని, ఆగితే ఆగినచోటికే తుక్కువాణ్ణి పిలిపిస్తానని తేల్చేశాడు.

ఎవరో చెబితే విని కారాయన నన్ను పిలిపించాడు. నాది ఏలూరులో సైకిల్ విడిభాగాల కొట్టు. బడిచదువు పదో తరగతితో అయిపోయింది. మిగిలినదంతా జిల్లా గ్రంథాలయం బల్లల దగ్గర సంపాదించుకున్నాను. పాత కార్ల కరెంటు గురించిన అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని వేసవంతా చదివాను. మా ప్రాంతంలో కార్లు విప్పే ఏ ఒక్కరూ దాన్ని ముట్టుకుని ఉండరు. ముట్టుకుని ఉంటే ఆ గోనె అక్కడ ఉండేది కాదు.

దాన్ని కట్టినవాడు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్. సిగ్గుపడకుండా పక్కనే నిలబడ్డాడు.

"చెరువు మీద మోటారు వేడెక్కితే ఏం చేస్తామండీ? తడి గోనె కప్పుతాం. ఇదీ మోటారే కదండీ."

నేను చదివిన పుస్తకం సంగతి చెప్పి, కాయిల్ మోటారు కాదన్నాను.

"పుస్తకంలో అలా రాశారాండీ?" అని నవ్వాడు. కారాయన కూడా నవ్వాడు.

కారుతో వచ్చిన వైరు ఒక్కటీ మిగల్లేదు. అన్నీ చెరువు మోటార్లకు వాడే నల్ల తీగలు, ఏది ఎక్కడికో రంగు చూసి చెప్పలేం. తాళం ఉండాల్సిన చోట గోడ స్విచ్చు, స్టార్టర్‌కి కాలింగ్ బెల్ బటన్. ఒక్కో తీగా పట్టుకుని చివరిదాకా వెళ్లాను. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ దగ్గర మీటరు పెడితే బ్యాటరీ వోల్టేజీ అంతా అక్కడే ఉంది. ఆ కాయిల్‌కి స్టార్ట్ చేసే క్షణంలో మాత్రమే పూర్తి వోల్టేజీ కావాలి. ఆ తర్వాత మధ్యలో ఒక రెసిస్టర్ దాన్ని తగ్గించాలి. అదేదని అడిగాను. తెల్ల పింగాణీ ముక్క ఒకటి చెయ్యి కాలేంత వేడెక్కుతుంటే తీసి పారేశానన్నాడు ఎలక్ట్రీషియన్. వేడెక్కడమే దాని పని. దాన్ని పీకేసి, ఆ భారం కాయిల్ నెత్తిన పెట్టి, ఆపైన గోనె కప్పాడు.

విజయవాడ ఆటోనగర్ నుంచి రెసిస్టర్, కొత్త కాయిల్ తెప్పించాను. కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే పాయింట్లు మాడిపోయి ఉంటే మార్చాను. స్టార్ట్ చేసేటప్పటి కరెంటుకు వేరే తీగ వేసి, మిగతావి రంగుల వారీగా కొత్తవి లాగాను.

ఆదివారం అన్నగారు వెనక సీట్లో నా పక్కన ఎక్కి, కైకలూరు దాటినప్పటి నుంచీ ఆగుతుందా అని చెవి ఒగ్గి కూర్చున్నాడు. కొల్లేరు రోడ్డు మీద ఆగలేదు. వట్లూరు దగ్గర లారీల వెనక ఎండలో చాలాసేపు నిలబడిపోయాం. ఇంజిన్ కట్టేయమని తమ్ముణ్ణి రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. కట్టేస్తే ఆగిందనేవాడు, నాకు తెలుసు.

గూడెంలో దిగి, పంచె సర్దుకుని, "సరే, ఉంచుకోరా. షెడ్డు ఇంకోటి వేసుకుంటాలే" అన్నాడు.

తమ్ముడు కాసేపు స్టీరింగ్ వదల్లేదు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి ఎలక్ట్రీషియన్‌కి చేశాడు.

"ఆగలేదురా. రేపొచ్చేయ్. మంచి మ్యూజిక్ సిస్టమ్ పెడదాం."

నేను వేసిన రంగు తీగల్లో దేన్ని కోసి దానికి కరెంటు లాగుతాడో నన్ను అడగలేదు. స్టేషన్‌కి నడిచి ఏలూరు రైలెక్కాను.