సాయవ్వ పంటి గాటు

2022 మే 17, మంగళవారం. ఎల్లారెడ్డి సమీపంలో నీళ్లు తగ్గిన ఒక చెరువు బురదలో దొరికిన స్త్రీ పుర్రెను పోలీసులు కామారెడ్డికి తెచ్చి నా ముందు ఉంచారు. దంతవైద్య కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు అనాటమీ బోధించాను. ఫోరెన్సిక్ ఓడాంటాలజీ, అంటే దంతాల ఆధారంగా మృతులను గుర్తించే శాస్త్రం, నా రెండో వృత్తి.

ఏడు నెలల క్రితం సాయవ్వ అనే బీడీ కార్మికురాలు మద్నూర్‌లోని చెల్లెలి ఇంటికని ఎల్లారెడ్డిలో బయలుదేరి, అక్కడికి చేరలేదు. ఈ పుర్రె ఆమెదేనని ఎస్సై అనుమానం. ఆధార్ కార్డు ప్రకారం ఆమె వయసు యాభై తొమ్మిది.

ఒక పంటిని పలుచగా కోసి రూట్ ట్రాన్స్‌లూసెన్సీ కొలిచాను. వయసు పెరిగే కొద్దీ పంటి వేరు కొన నుంచి గాజులా పారదర్శకమవుతుంది. ఆ పొడవును బట్టి వయసు అంచనా వేస్తాము. నలభైకి, నలభై ఎనిమిదికి మధ్య వచ్చింది. మరునాడు మళ్లీ కొలిచాను, అదే వచ్చింది. పై వరుసలో ఎడమ ముందు పంటి అంచున ఒకటిన్నర మిల్లీమీటర్ల గాటు కనిపించింది. దాన్ని కూడా నమోదు చేసి, కారణం గడిలో ‘తెలియదు’ అని రాశాను. కార్డుకూ పంటికీ మధ్య కనీసం పదకొండేళ్ల తేడా. ఈ పుర్రె సాయవ్వది కాదని, డీఎన్ఏ పరీక్ష అవసరం లేదని నివేదికపై సంతకం చేశాను.

మే 20న సాయవ్వ కూతురు గంగామణి ఎస్సైతో కలిసి వచ్చింది. పుర్రె ఆమె తల్లిది కాదని చెప్పగానే రెండు చేతులూ జోడించింది.

“నేను చెప్తనే ఉన్న సార్! మా అమ్మ గట్ల పోయే మనిషి గాదు. అలిగి యాడనో కూసున్నది. ఈ ఎస్సై సారే మాతోని దినాలు చేయించేటట్టున్నడు.”

“నేనెప్పుడు చెయ్యమన్ననమ్మా?” అన్నాడు ఎస్సై.

“మరి గా పుర్రెకు ఎన్నేండ్లు సార్?” అని గంగామణి నన్ను అడిగింది.

“నలభై ఎనిమిదికి మించవు. మీ అమ్మగారికి యాభై తొమ్మిది కదా.”

ఆమె పకపకా నవ్వింది. “ఏంది, మా అమ్మకు యాభై తొమ్మిదా? గది ఆధార్ల సార్! ముసలి పింఛన్ వస్తదని ఏండ్లు ఎక్కువ రాయించినం. నాకే ఇరవై ఏడు. నేను పుట్టినప్పుడు ఆమెకు పద్దెనిమిది నిండలే. ఆధార్ల ముసల్ది, కొట్లాటకు దిగితే పడుచుపిల్ల!”

నవ్వుతున్న ఆమె పై వరుసలో, ఎడమ ముందు పంటి అంచున, ఒక గాటు ఉంది.

“ఆ పంటికి ఏమైందమ్మా?”

“గిదా సార్? బీడీకి దారం చుట్టినంక పంటితోని తెంపుత. కత్తెర పట్టేలోపల ఇంకో బీడీ అయితది. మా వాడకట్టుల అందరు కత్తెరతోనే కోస్తరు. మా అమ్మ నాకు గిట్లనే నేర్పింది.”

నా చూపు నివేదిక మీదికి పోవడం ఆమె గమనించింది. నవ్వు ఆగింది.

“గా పుర్రెకు గూడ ఉన్నదా సార్?”

ఉన్నదని చెప్పి, నివేదికను అడ్డంగా కొట్టేశాను. సంతకం చేసిన నివేదికను రద్దు చేయడం నా వృత్తిలో అదే మొదటిసారి. ఆమె రక్తనమూనాను ఆ రోజే పంపించాము. జూలై 4న ఫలితం వచ్చింది. ఆ పుర్రె సాయవ్వదే.

నా కొలతలో తప్పు లేదు. కార్డు మీది అంకెను మాత్రం ఏ కొలతా లేకుండానే నమ్మాను. నా పరీక్షా పత్రంలో ఇప్పుడు వయసు గడి పక్కన మరో గడి ఉంది: ‘ఈ వయసు ఎవరు చెప్పారు, ఎందుకు?’ మృతులు చేసిన పని ఏమిటో, ఎలా చేసేవారో ఇంటివారిని అడిగి తెలుసుకున్న తరువాతే పరికరాల పెట్టె తెరుస్తున్నాను.

ఫలితం చెప్పిన నాడు గంగామణి ఏడవలేదు. ఒక్క మాట అడిగింది. దానికి నా పత్రంలో ఇప్పటికీ గడి లేదు.

“నేను గా పింఛన్ ముచ్చట చెప్పకుంటే, మా అమ్మ బతికే ఉంటుండె గద సార్?”