కిటికీ కింద బల్ల

లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్ వెళ్ళే బస్సులో కూర్చుని, కొందామనుకున్న పాత బంగళా ఫోటోలు ఫోన్‌లో చూస్తూ వంకలు పోగేస్తున్నాను. నూరేళ్ళనాటి ఇల్లు. చూరు మరీ కిందికి వాలింది, వరండా స్తంభాలు మరీ లావు. మా నాన్న కొట్టులో పెరిగినవాణ్ణి, ధర తగ్గాలంటే నచ్చిన సరుకును ముందు తిట్టాలని తెలుసు.

పక్క సీట్లో వృద్ధులకు ఇంటికెళ్ళి సాయం చేసే కేరర్ యూనిఫాంలో ఉన్న తెలుగు ఆంటీ ఫోన్‌లోకి తొంగిచూశారు.

"కిటికీ కింద గోడతో కలిపి కట్టిన బల్ల ఉందా బాబూ?"

"ఉందాంటీ. దండగ, చోటు తినేస్తుంది."

"నేను చూసుకునే ముసలమ్మగారింట్లోనూ ఉంది. పది నిమిషాలు కూర్చున్నానంటే తర్వాతి ఇంటికి ఎన్నింటికి వెళ్ళాలో చెప్పే డ్యూటీ రోటా కూడా మర్చిపోతాను." దిగబోతూ వేలు చూపించి బెదిరించారు. "బేరం తెగేదాకా దానిమీద మాత్రం కూర్చోకు!"

బేరం నాకా నేర్పేది అని నవ్వుకున్నాను.

ఇల్లు చూపించే ఏజెంట్ ముందు చూరును తిట్టాను, స్తంభాలను తిట్టాను. బల్లను కూడా తిట్టడానికి గట్టిదనం చూద్దామని కూర్చున్నాను. వాలిన చూరు కిందుగా చలికాలపు ఎండ వచ్చి నా ఒళ్ళో పడింది. నా ముఖం ఎలా వెలిగిందో గానీ, ఏజెంట్ హాయిగా నవ్వాడు. కొనేవాడి ముఖం అలా వెలిగాక మా నాన్నైనా ధర తగ్గించేవాడు కాదు.

ఇది ఆ బల్లమీద కూర్చునే రాస్తున్నాను.