ఏసీ నీళ్లతో పెరిగిన కాఫీ మొక్క

నా కాఫీ మొక్కను కుండీతో సహా రెండు చేతులా ఎత్తి, కింది ఇంటాయన పై ఇంటి ఇంజనీరు ముఖం మీద కొట్టాడు. నేను అప్పుడే ఊరి నుంచి వచ్చి, భుజాన సంచితో మెట్లెక్కుతున్నాను. ఆరు మెట్ల దూరంలో ఉన్నాను.

మట్టికుండీ పగిలిన చప్పుడు చిన్నదే. ఇంజనీరు ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని గోడ వెంబడి జారి కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు, తడిమట్టి కలిసి చొక్కా మీదికి కారాయి. కింది ఇంటాయన ఆగలేదు. చేతిలో మిగిలిన పెంకుతో అతని భుజం మీద మరో రెండు దెబ్బలు వేశాడు.

“ఔర్ గిరా పానీ! గిరా! మా కా సారా అచార్ బర్బాద్ కర్ దియా!”

వాళ్లమ్మ ఊరగాయకని ముంగిట్లో ఆరబెట్టిన మామిడి ముక్కలు పైనుంచి పడిన ఏసీ నీళ్లకు నానిపోయాయి. అదీ కోపం.

“భయ్యా, పైప్ తో అంకుల్ కీ బాల్టీ మే హై…” అన్నాడు ఇంజనీరు, పైపు నా బకెట్లోనే ఉంది కదా అని. తర్వాతి మాట నోట్లోకి వచ్చిన నెత్తురుతో ఆగిపోయింది.

నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగితే కింది ఇంటాయన మోచేత్తో నా ఛాతీలో పొడిచాడు. పక్కింటివాళ్లు నలుగురు వచ్చి పడేస్తే గాని లొంగలేదు.

ముప్ఫై ఏళ్లు ఢిల్లీలో పత్రికకు పనిచేశాను. నీళ్ల తగాదా, ఒకరికి గాయాలు, కేసు నమోదు. ఇలాంటివి లోపలి పేజీకి నాలుగు వాక్యాల్లో రాసి పంపేవాణ్ణి. ఈ నీళ్లు ఎందుకు పడ్డాయో ఆ నాలుగు వాక్యాల్లో పట్టదు.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మాది మధ్య అంతస్తు. అరకు నుంచి మూడు కాఫీ మొక్కలు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అది చాలదన్నట్టు ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా చేయకూడదని అవి పోశాను. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువని తెలిసేసరికి ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడి, రెండు మొక్కలు చచ్చాయి. మూడోదానికి ఏసీ నీళ్లు పట్టమని నర్సరీ ఆయన చెప్పాడు. వాటిలో ఉప్పుండదు.

ఆ నీళ్ల మీద మా మెట్ల దారిలో అప్పటికే ఒకసారి యుద్ధమైంది. పై ఇంటి ఏసీ పైపు కింది ముంగిట్లో కారుతోందని కింది ఇంటాయన ఇనుప కడ్డీతో పైకెళ్లి, పైపు విరగ్గొట్టి, అప్పుడు అక్కడ అద్దెకున్నాయన్ని పెళ్లాం ముందే చెంపమీద కొట్టాడు. తర్వాత కరీంనగర్ నుంచి ఈ ఇంజనీరు దిగాడు. కొత్త పైపును నేను మా బాల్కనీలోకి మళ్లించి బకెట్లో పెట్టుకున్నాను. రెండు వేసవులు గొడవ లేదు.

“నా ఏసీ తాగి పెరుగుతుంది సార్ గీ చెట్టు. మొదటి కాఫీ నాకే పొయ్యాలె,” అనేవాడు.

“ముందు కాయనీవయ్యా.”

“కాయకపోతే ఏసీ బంద్!”

ఈ మే నెలలో నాలుగు రోజులు విశాఖ వెళ్లాను. తాళం వేసిన ఇంట్లో బకెట్ పొర్లితే నీళ్లు లోపలికి వస్తాయని భయం. కుండీని గుమ్మం బయట మెట్ల దగ్గర నీడలో పెట్టి, పొద్దున్నే గ్లాసుడు తాగే నీళ్లు పోయమని ఇంజనీరుకు చెప్పాను. పైపును బకెట్లోంచి తీసి, కటకటాల బయటికి నైలాన్ తాడుతో కట్టాను. ఆ మాట అతనికి చెప్పలేదు. కిందికి తొంగి చూడలేదు.

కింది ఇంటాయన రెండు రోజులు ముంగిట్లోంచి అరిచాడట. ఇంట్లోనే పనిచేసే ఇంజనీరు చెవుల్లో హెడ్‌ఫోన్లు. నాలుగో రోజు పొద్దున అతను నా మొక్కకు నీళ్లు పోస్తూ వంగి ఉన్నప్పుడు ఆయన మెట్లెక్కి వచ్చాడు.

‘పైనుంచి నీళ్లు పడుతున్నాయని గొడవ’ అని పోలీసులు నా వాంగ్మూలం ఒక పేజీలో రాసుకున్నారు. సంతకం చేశాను. పైపు ఎవరు కదిపారని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ సాయంత్రమే పైపు విప్పి మళ్లీ బకెట్లో పెట్టాను.

కక్షతో ఇంజనీరే పైపు మళ్లించాడని కింది ఇంటాయన వకీలు వాదిస్తున్నాడు. రెండు ఆపరేషన్లయ్యాక ఇంజనీరు ఎడమ కంటికి వెలుతురు మాత్రం తెలుస్తోంది. అతను కరీంనగర్ వెళ్లిపోయాడు. పోయిన వారం ఫోన్ చేశాడు.

“చెట్టు బతికిందా సార్?”

“బతికింది. పెయింటు డబ్బాలో పెట్టాను.”

“నేను పైపు ముట్టలే సార్. మీకు తెల్సు గదా. కోర్టుల గదొక్కటి చెప్పుండ్రి.”

“చెప్తానయ్యా,” అన్నాను.

నా సాక్ష్యానికి ఇంకా తేదీ పడలేదు. వాంగ్మూలం ఇప్పటికీ ఆ ఒక్క పేజీయే. పైపు కట్టిన తాడు మా కటకటాలకు అలాగే ఉంది.