సగం ఊదా, సగం పచ్చ

1999. దొడ్డబళ్ళాపురం దారిలో ఉన్న ఒక విత్తన కంపెనీలో చేరిన మొదటి ఏడు. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు బెదురు. మొక్కల దగ్గరైతే పొద్దు తెలిసేది కాదు.

మా హైబ్రిడ్ టమాటా విత్తనం రైతుల పొలాల్లో తయారయ్యేది. కాయ కోసం పెంచే ఆడ మొక్క కాడ పచ్చన, పుప్పొడి కోసం పెంచే మగ మొక్క కాడ ఊదా; వదిలేస్తే రెండూ సొంతంగా కాయ కాస్తాయి. ఊదా డామినెంట్, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా పైకి కనిపించే లక్షణం. అందుకే సంకరం సరిగ్గా జరిగితే నారంతా ఊదాగానే రావాలి. ఆడ మొగ్గ విచ్చకముందే దానిలో పుప్పొడినిచ్చే కేసరాలు గిల్లేయడాన్ని ఎమాస్క్యులేషన్ అంటాం. అది తప్పితే పువ్వు సొంత పుప్పొడితోనే కాయ కట్టి, పచ్చ కాడలు వస్తాయి.

మాకు విత్తనం పండించే రైతుల్లో ఒకరైన నారాయణమ్మ పంపిన విత్తనం పరీక్షకు నాటితే సగం పచ్చగా వచ్చింది.

"గిల్లకుండా వదిలేశారు. లాట్ రిజెక్ట్," అన్నారు మేనేజర్ గారు. అంటే ఆమె పంట కొనరు, ఇక ముందు పని కూడా ఇవ్వరు.

కబురంది నారాయణమ్మ ఆఫీసుకొచ్చింది. "ఏమప్పా, నడుములు పడిపోయేట్టు ఒక్కో మొగ్గా గిల్లినాము. ఏం జరిగినా ఆడదాన్నే అంటారే! ఆ మగ చెట్టును ఎవరన్నా అడిగినారా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మగ మొక్క పైకి ఊదాగా ఉండి, లోపల పచ్చ లక్షణాన్ని దాచుకుని ఉంటే? అప్పుడు పిల్లల్లో సరిగ్గా సగమే పచ్చగా రావాలి!

"సార్, మగ మొక్కల సొంత కాయల్లోని గింజలు నాటుదాం. మొక్కలు శుద్ధమైనవైతే ఒక్క పచ్చ కాడా రాదు. లోపల పచ్చ దాగి ఉంటే నాలుగింట ఒకటి పచ్చగా వస్తుంది."

"రాకపోతే?"

"తప్పు ఆమెదే సార్."

అనేశాకే తట్టింది. ఆమె బతుకును పందెం కాశాను కదా!

ఆ సాయంత్రమే పొలానికి వెళ్ళి కాయలు కోశాం. "నీ మాట నిజం కావల్ల పాపా," అంది నారాయణమ్మ.

నాటింది మొదలు రోజూ టిఫిన్ కూడా తినకుండా ట్రే దగ్గరికి పరుగెత్తేదాన్ని. ముందు ఊదా కాడ లేచింది. తర్వాతదీ ఊదాయే. ఆ తర్వాతదీ అంతే. మర్నాడు ఒక మూల లేత పచ్చ కాడ! దాని పక్కన ఇంకొకటి! మొలకలన్నీ వచ్చాక లెక్కపెడితే నాలుగింట ఒకటి పచ్చ.

"వచ్చాయి సార్!" నా కేక గోడౌన్ దాకా వినిపించిందట.

వెతికితే తేలింది: మగ విత్తనమని మా గోడౌన్ నుంచి నారాయణమ్మకు ఇచ్చిన సంచిలో ఉన్నది ఊదా, పచ్చ రెండూ కలిసిన హైబ్రిడ్ విత్తనం. దాని కాడా ఊదాయే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"పొరపాటు మాదే. ఒప్పుకున్న ధర ఇస్తాం. వచ్చే సీజన్‌కూ నువ్వే చెయ్యి," అన్నారు మేనేజర్ గారు.

"చేస్తా. ఈసారి మొగోణ్ణి చూసి పంపించు," అంది నారాయణమ్మ.

అప్పటి నుంచి మగ విత్తనాన్ని ముందుగా పచ్చ కాడ మొక్కతో సంకరం చేసి, ఆ నారంతా ఊదాగా వచ్చాకే రైతుకు ఇస్తున్నాను. మొక్క లోపల ఏముందో దాని రంగు చెప్పదు, దాని పిల్లలు చెబుతాయి.