జిగురంటిన పళ్ళసెట్టు

బస్సు డిపోలో పోయిన సామాన్ల గది చూసుకునే ఆవిడని కండక్టర్లంతా దొరికినమ్మ అని పిలిచేవారు. ఒకప్పుడు ఆవిడా కండక్టరే. మోకాళ్ళు మొరాయించాక ఈ గదిలో కూర్చోబెట్టారు. పదకొండేళ్ళపాటు ఊరందరి మతిమరుపునీ ఒంటిచేత్తో సర్దిన మనిషికి జనమంటే ఏం గౌరవం మిగులుతుంది? "బుర్ర ఇంట్లో పెట్టి ఒళ్ళొక్కటే బస్సెక్కిస్తారు" అని ఈసడించేది. గొడుగు మరిచిపోయినవాళ్ళని ఏదోలే అని వదిలేసేది. ఒంటి చెప్పు కోసం వచ్చినవాణ్ణి మాత్రం ఎగాదిగా చూసి, "ఏం నాయనా, రెండో కాలితో గెంతుకుంటూ దిగావా?" అనేది.

ఆ వచ్చినవాళ్ళకి తమ వస్తువు ఎలా ఉంటుందో చెప్పడం కూడా చేతకాదు. "నల్లగా ఉంటుందండీ" అని ఊరుకుంటారు. అందుకని ఆవిడ రోజూ పొద్దున్నే బీరువా ఖాళీ చేసి కిటికీ కింది పొడుగాటి బల్ల మీద అన్నీ పరిచేది. కళ్ళజోళ్ళు కాళ్ళు ముడుచుకుని ఒక వరస. గొడుగులు పొట్టి నుంచి పొడుగు దాకా గోడకి చేరగిలబడి. పళ్ళున్నవన్నీ ఒకచోట ఉంటే వెతకడం తేలికని దువ్వెనలు, తాళంచెవులు, ఒక చేతిరంపం గుండ్రంగా పేర్చి, నడుమ నీలం చేతిరుమాలు మీద ఎవరిదో పళ్ళసెట్టు పెట్టేది. సాయంత్రమయ్యేసరికి అన్నీ మళ్ళీ బీరువాలోకి.

ఒకరోజు సంచీ పోగొట్టుకున్న గడ్డం చిత్రకారుడొకడు వచ్చి, సంచీ సంగతి మరిచిపోయి బల్ల ముందు కొయ్యబారిపోయాడు.

"ఇలా మీరు కావాలనే పెట్టారా?"

"కాక, వాటంతటవే నడిచొచ్చి కూర్చున్నాయా?"

"ఇది కళ అండీ! సాయంత్రం తీసేస్తారా? అయ్యయ్యో!"

"తియ్యకపోతే బీరువా ఎందుకు? నీ సంచీ ఏ రంగో చెప్పు ముందు."

వాడికి రంగు గుర్తు లేదు. చిత్రకారుడట! ఆవిడ మొహం తిప్పేసుకుంది.

తర్వాతి వారం మోకాళ్ళ వైద్యానికి ఆవిడ రెండు రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి పళ్ళున్న సామాన్లు ఒక్కటీ లేవు. డిపో మేనేజరు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ఆ గడ్డమాయన ప్రదర్శన పెడుతున్నాడమ్మా. డిపో పేరు కూడా వేస్తానన్నాడు. అక్కరకు రానివే కదా అని ఇచ్చాను."

"మూడు నెలలు దాచాలని రూలు రాసింది మీరు కాదా సార్?"

ఆయన కాగితాల్లో తలదూర్చాడు. సరిగ్గా ఆ పూటే ఒక ముసలాయన గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. "ఫల్లమ్మా, నా ఫల్లు. రుమాల్లో కట్టి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీశాను. తర్వాత జ్వరమొచ్చి మంచాన పడ్డాను. నెల్రోజులుగా జావే."

దొరికినమ్మ గదికి తాళం వేసింది. ముసలాయన్ని వెంటబెట్టుకుని ప్రదర్శన హాలుకి నడిచింది.

తెల్లటి గోడకి పెద్ద చెక్క. దాని మీద ఆవిడ దువ్వెనలు, తాళంచెవులు, రంపం, పళ్ళసెట్టు జిగురుతో అంటించి ఉన్నాయి. కింద చీటీ మీద 'ఆకలి' అని రాసుంది. ఎదురుగా నలుగురు తలలు పక్కకి వాల్చి చూస్తున్నారు. ఆవిడ ముందు చూసింది దువ్వెనల్ని. పళ్ళసెట్టు పక్కన తెల్ల దువ్వెన అంటించాడు వెధవ! తెల్లటిదాని పక్కన తెల్లటిది పెడితే ఏం కనబడుతుంది? అక్కడ నల్లది ఉండాలని గుడ్డివాడికైనా తెలియదూ?

తల్లోంచి పిన్ను లాగి పళ్ళసెట్టు కిందికి దూర్చింది.

"ఆగండమ్మా, ఆగండి! నా పని పాడైపోతుంది!" అంటూ చిత్రకారుడు పరిగెత్తుకొచ్చాడు.

"నీ పనా? పని నాది. నువ్వు చేసింది జిగురు పూయడం."

పళ్ళసెట్టు టక్కున ఊడొచ్చింది. ముసలాయన అక్కడే కుళాయి కింద కడుక్కుని, రెండుసార్లు దవడలాడించి చూసుకున్నాడు. "కొంచెం బంకగా ఉందమ్మా. ఫర్వాలేదు, నావే" అన్నాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు కూడా. ఆవిడ నవ్వలేదు. "ఇకనుంచి నోట్లోనే పెట్టుకో పెద్దాయనా, వాటి చోటు అదే" అంది.

మిగతావి మేనేజరు వెనక్కి తెప్పించబోతే చిత్రకారుడు కాళ్ళావేళ్ళా పడి గడువు అడిగాడు. పళ్ళసెట్టు ఊడిన చోట మిగిలిన జిగురు మచ్చనే జనం ఎగబడి చూస్తున్నారట. చీటీ మీద పేరు కూడా 'లోటు' అని మార్చాడట.

ఆ మాట చెప్పిన కండక్టరు కేసి దొరికినమ్మ పురుగుని చూసినట్టు చూసింది. "బోసినోటికి ఇంత వైభోగమా! ఊడబీకింది నేను కదా, నా పేరు వేశాడా మరి?"

"లేదమ్మా."

"వెయ్యడు. వాడి మొహానికి అంత తెలివి కూడానా" అంటూ, అప్పుడే వచ్చిన ఎర్ర గొడుగుని వరసలోంచి తీసి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, చివర ఒంటరిగా నిలబెట్టింది.